ఓష్‌కోష్‌లో పడక ఎక్కడ?

పెర్కిట్,
మే 12

బిడ్డా,

నిన్న ఫోన్‌లో మీ అమ్మ కూడా లైన్‌లో ఉండేసరికి నేను చెప్పాలనుకున్నది సగం గొంతులోనే ఉండిపోయింది. అందుకే కూసొని రాస్తున్న. ఆమె పట్టు ఏందంటే, అక్కడ అమెరికాల ఓష్‌కోష్ విమానాల షోకు పోవాలంటే మిల్వాకీలో మనోళ్ల ఇంట్లో దిగి, పొద్దుగాల పోయి రాత్రికి తిరిగి రావాలె. నీ లెక్క ఏందంటే, దోస్తులు నలుగురు కలిసి యాప్‌లో చవుకగ కనిపించిన రూము పట్టుకోవాలె. నేను రెండూ వద్దంటున్న. ఓష్‌కోష్ పోతున్నవంటే టెంట్ వేసుకొని గ్రౌండ్‌లోనే పడుకో. ఎందుకో చెప్త.

నువ్వు ఇప్పటిదాక చూసిన విమానాల షోలు బేగంపేటది, యలహంకది. బేగంపేటలో రెండేండ్లకోసారి వింగ్స్ ఇండియా పెడతరు. కంపెనీలు విమానాలు తెచ్చి నిలబెడతయి. 2024 జనవరిలో ఎయిర్ ఇండియా తన కొత్త ఏ350ని జనానికి చూపించింది అక్కడనే. మొదటి రోజులు వ్యాపారస్తులకు, చివరి రోజులు మనలాంటోళ్లకు. సాయంత్రం గేట్లు మూసినంక మెట్రో ఎక్కి జేబీఎస్ పోతే ఆర్మూర్ బస్సు దొరుకుతది, రాత్రికి ఉండాలనుకుంటే అమీర్‌పేట హాస్టళ్లు ఉండనే ఉన్నయి. యలహంక ఏరో ఇండియా ఇంకో తీరు. అది ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, లోపల పడుకునే మాటే లేదు. బళ్లారి రోడ్డు ట్రాఫిక్‌లో సగం దినం పోతది. 2019లో అక్కడి పార్కింగ్‌లో నిప్పంటుకొని సుమారు 300 కార్లు కాలిపోయినయి, నీకు యాదికుండే ఉంటది. ఆ రెండు చోట్లా మనం టికెట్ కొని చూసి ఇంటికి పోయేటోళ్లం, అంతే.

ఓష్‌కోష్ పుట్టుకే వేరు. 1953లో మిల్వాకీలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన, సొంతంగ విమానాలు కట్టుకునే పిచ్చి ఉన్నోళ్లను కూడగట్టి ఈఏఏ అనే సంఘం పెట్టిండు. వాళ్లు ఏటేటా కలుసుకునే జాతర 1970 నుంచి ఓష్‌కోష్‌లోని విట్‌మన్ ఎయిర్‌పోర్టులో జరుగుతున్నది. ఇప్పుడు దాని పేరు ఎయిర్‌వెంచర్. జూలై ఆఖరుకు, సోమవారం నుంచి ఆదివారం దాక. ఆ వారం ఆ చుట్టుపక్కల పదివేలకు పైన విమానాలు దిగుతయి. 2024లో 6,86,000 మంది వచ్చిన్రని వాళ్ల లెక్క. ఊరి జనాభా చూస్తే డెబ్బై వేలు కూడా లేదు. మరి ఇంతమందికి లాడ్జీలు ఏడికెల్లి వస్తయి? విమానం నడుపుకుంట వచ్చినాయన దాని రెక్క కిందనే టెంట్ వేసుకుంటడు, కారులో వచ్చినోళ్లు పక్క పొలాల్లో వేసుకుంటరు. అట్ల గ్రౌండ్‌లోనే పడుకునేటోళ్లు సుమారు నలభై వేల మంది. అక్కడ పడుకునుడు షోలో ఒక భాగం.

కారోళ్ల పొలం పేరు క్యాంప్ షోలర్. మామూలు జాగాలు ముందు వచ్చినోళ్లకు ముందు. కరెంటు, నీళ్ల కనెక్షన్ ఉన్న జాగాలు కొన్నే ఉంటయి, వాటి మీద ఆశ పెట్టుకోకు. టెంటోళ్లకు అవి అక్కర్లేదు కూడా. మీలో ఒక్కరన్న ఈఏఏ మెంబర్ అయి ఉండాలె. కొన్ని రాత్రుల కిరాయి ముందే కట్టించుకుంటరు, మెంబర్‌షిప్ తీసుకునేటప్పుడే ఈ ఏటి రూల్స్ చదువుకో. ఇంకోటి మరువకు: క్యాంప్ కిరాయి వేరు, షో టికెట్ వేరు. మీ నలుగురి పైసలు లెక్కేసేటప్పుడు చాలామంది ఇక్కడనే తప్పుతరు.

షో సోమవారం మొదలైతదని ఆదివారం రాత్రికి చేరేటట్టు పెట్టుకోకు. నువ్వు చదివే విచిటా నుంచి పన్నెండు గంటల డ్రైవింగ్, పోయేసరికి చీకటి పడతది, గేటు కాడికి మస్తు దూరంల జాగ దొరుకుతది. శుక్రవారం బయలుదేరి శనివారం పొద్దున్నే దిగుండ్రి. లాభం ఒక్క జాగాదే కాదు. ఆ శని ఆదివారాల్లోనే గుంపులు గుంపులుగ విమానాలు వస్తయి. బొనాంజా విమానాల ఓనర్లు ఇల్లినాయ్ రాక్‌ఫర్డ్‌లో జమై, అందరూ ఒక్కసారే లేచి వచ్చి ఓష్‌కోష్‌లో దిగుతరు. ఆ బొనాంజాను 1947లో మొదలుపెట్టి బీచ్ కంపెనీ కట్టింది మీ విచిటాలోనే. నువ్వుండే ఊర్లో పుట్టిన విమానాలు ఒకదాని వెనుక ఒకటి దిగుతుంటే గడ్డిల కుర్చీ వేసుకొని చూసుడు, దానికి టికెట్ కూడా ఉండదనుకో.

ఇగ మిల్వాకీ సంగతి. అక్కడికి ఓష్‌కోష్ 140 కిలోమీటర్ల దాక ఉంటది. పోను గంటన్నర, రాను గంటన్నర, మీద కార్ల లైను. మనోళ్లు మంచోళ్లే, కాదనను. కాని వాళ్లు వండిపెట్టి కూసుంటరు, నువ్వు ఏడు గంటలకే బయలుదేరాలె. బుధవారం, శనివారం రాత్రి షో ఉంటది, చీకట్లో నిప్పులు చిమ్ముకుంట విమానాలు తిరుగుతయి, ఆఖర్న బాణసంచా. అది అయిపోయినంక అందరి కార్లూ ఒకటే రోడ్డుకు ఎక్కుతయి. టెంట్‌లో ఉన్నోడు చెప్పులేసుకొని నడుచుకుంట పోయి పండుకుంటడు. పొద్దుగాల జనం రాకముందు, సాయంత్రం షో అయినంక చిన్న చిన్న అల్ట్రాలైట్ విమానాలు గడ్డి రన్‌వే మీదికెల్లి లేస్తయి. ఎవరి విమానం కాడ వాళ్లు కుర్చీలేసుకొని ఉంటరు. పగలు ప్రశ్న అడిగితే రెండు ముక్కలు చెప్పేటాయన, ఆ టైంలో ఇంజన్ కౌలింగ్ తీసి చూపిస్తడు. నువ్వు చదివేది ఏరోస్పేస్. నీకు కావాల్సింది ఆ గంటలే.

వర్సిటీ హాస్టల్ ఒకటున్నది, దాన్ని తీసిపారేయను. విస్కాన్సిన్ యూనివర్సిటీ ఓష్‌కోష్ వాళ్లు ఎండకాలం ఖాళీగ ఉన్న రూములు ఆ వారం కిరాయికిస్తరు. అన్నిట్ల ఏసీ ఉండదు, కాని స్నానానికి, పడకకు ఫికర్ ఉండదు. మీ అమ్మ అస్సలు ఒప్పుకోకపోతే ఇది రెండోది. ఊరోళ్లు కూడా ఇండ్లల్లో రూములిస్తరు, కొందరైతే ఇల్లంతా కిరాయికిచ్చి వాళ్లు చుట్టాలింటికి పోతరు. ఆపిల్టన్, ఫాండ్ డు లాక్ అటూ ఇటూ ముప్పై కిలోమీటర్లు, గ్రీన్ బే ఎనభై. హోటళ్లు ఆ వారం రేట్లు పెంచుతయి, ముందే నిండుతయి. నీ యాప్‌లో చవుకగ కనిపించిన రూము ఎంత దూరంల ఉందో మ్యాప్‌లో ఒకసారి చూడు.

మీ క్లాస్‌లో ఎవరికో పైలట్ లైసెన్స్ ఉందన్నవు, చిన్న సెస్నా విమానం కిరాయికి తీసుకొని ఎగిరే పోదామంటున్నడని. రెక్క కింద పడుకునుడు నిజంగ వేరే మజా, ఒప్పుకుంట. కాని అక్కడ దిగుడు ఆట కాదు. రిపన్ ఊరి నుంచి రైలు పట్టాల వెంబడి ఫిస్క్ దాక, ఒకదాని వెనుక ఒకటి అర మైలు ఎడంతో, 1,800 అడుగుల ఎత్తున 90 నాట్ల స్పీడ్‌తో రావాలె. ఫిస్క్ కాడ కంట్రోలర్లు నేల మీద నిలబడి బైనాక్యులర్‌తో చూసి, విమానం రంగు చెప్పి పిలుస్తరు. పైలట్ రేడియోలో మాట్లాడడు, రెక్కలూపి జవాబిస్తడు. రన్‌వే మీద రంగు చుక్కలుంటయి, ఏ చుక్క మీద దిగమంటే దాని మీదనే దిగాలె. ఆ వారం ఆ టవర్ ప్రపంచంలోనే ఎక్కువ రద్దీ ఉన్న టవర్. మొదటిసారి పోయేటోడి పక్క సీట్లో మా అక్క బిడ్డ కూసునుడు నాకిష్టం లేదు. వాడు ఈ ఏడు కారులో రానీ, వానిక్కూడా మంచిదే.

వాన గురించి జర ఎక్కువ రాస్త, ఎందుకంటే టెంట్‌లో కష్టం అంటూ ఉంటే అదే. 2010లో షోకు ముందు కురిసిన వానలకు క్యాంపు పొలాలు బురదైపోయి, వచ్చినోళ్లను పార్కింగ్ స్థలాల్లోకి మళ్లించిన్రు, విమానాలను వేరే ఎయిర్‌పోర్టులకు పంపిన్రు. ఆ ఏడును జనం ఇప్పటికీ స్ప్లోష్‌కోష్ అని నవ్వుకుంట చెప్పుకుంటరు. మన దగ్గర ఉడకబెట్టిన పసుపు కళ్లంలో ఎండుతుంటే మొగులు చూసినంకనే కన్ను మూస్తం కద, అక్కడ కూడా అంతే. పల్లం చూసి టెంట్ వేయకు. టెంట్‌తో వచ్చే మేకులు ఆ గాలికి ఆగవు, పొడుగువి వేరే కొనుక్కో. కింద పరిచే షీట్ టెంట్ అంచు దాటి బయటికి రావద్దు, వస్తే నీళ్లన్నీ నీ కిందికే. పిడుగుల వాన వస్తుందంటే టెంట్‌లో ఉండకు, కార్ల కూసో.

పగలు ఎండ గట్టిగనే ఉంటది, రాత్రి పదిహేను డిగ్రీలకు పడతది, దుప్పటి మంచిది తీసుకపో. దోమలుంటయి. పొద్దుగాల ఆరింటికే ఇంజన్లు మొదలైతయి, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు లేకుంటే నిద్ర లేదు. రైస్ కుక్కర్ మోసుకపోకు, ప్లగ్ పెట్ట జాగుండదు. గ్యాస్ స్టవ్, ఉప్మా రవ్వ, అటుకులు, మీ అమ్మ పంపిన మామిడికాయ తొక్కు చాలు. స్నానాల షెడ్ల కాడ పొద్దుగాల లైన్లు, మధ్యాహ్నం షో టైంలో పోతే ఖాళీగ ఉంటయి.

ఆడపిల్ల టెంట్‌లో పడుకునుడు ఏందని మీ అమ్మ భయం. ఆ పొలాల్లో ఉండేది ఎక్కువ సంసారాలే. తాతలు, మనుమలు, నలభై ఏండ్ల నుంచి ఒకే మూలకు వచ్చి టెంట్ వేసుకునే ముసలి జంటలు. మీరు స్నానాల షెడ్డుకు, దీపాలున్న దారికి దగ్గర్లో వేసుకోండ్రి, ఇద్దరాడపిల్లలు ఒక టెంట్ల, మొగపిల్లలు పక్కదాంట్ల. రాత్రిపూట ఒంటరిగ తిరగకు, అది ఆర్మూర్ బస్టాండ్ అయినా అంతే. జాగ దొరకంగనే ఆ రోడ్డు పేరు, పక్క టెంటోళ్లు ఎవరన్నది ముందు మీ అమ్మకు పంపు, తర్వాత నాకు.

మన దిక్కు జక్రాన్‌పల్లిలో ఎయిర్‌పోర్ట్ వస్తదని సర్వేలు అయినయి, ఏండ్లు గడుస్తున్నయి. అది వచ్చేదాక నీ ఫొటోలే మాకు షో.

మీ అమ్మతో నేను మాట్లాడుత. టెంట్ మాత్రం దోస్తులు ఎవరో ఇస్తమన్నరని కళ్లు మూసుకొని తీసుకోకు, ఒకసారి మీ అపార్ట్‌మెంట్ ముందర గడ్డిల వేసి, బకెట్ నీళ్లు పోసి చూడు. కుట్ల కాడ కారితే కొత్తది కొనుక్కో, పైసలు నేను పంపుత.

ఇట్లు
మీ మామ