కుడికా, తిన్నగానా?

ప్రశ్న: ఎం.ఎస్. చదవడానికి లియోన్ వెళ్తున్నాను. పాఠాలు ఇంగ్లిషులోనే. కాలేజీ, హాస్టల్ భవనాల్లో తిరగడానికి ముందుగా ఏ ఫ్రెంచ్ మాటలు నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: అన్నిటికన్నా ముందు 'బోఁజూర్' అనండి. ఫ్రాన్స్‌లో పలకరించకుండా ప్రశ్న అడిగితే మర్యాద తప్పినట్టే. ఆ తర్వాత 'ఊ ఎ..., సిల్ వూ ప్లే?' (ఎక్కడుందండీ?) అన్న వాక్యాన్ని బాగా వంటపట్టించుకోండి. మధ్యలో లిఫ్టుకు 'లసాన్సర్', మెట్లకు 'లెస్కాలియే', బయటికి దారికి 'లా సొర్తీ' చేర్చితే చాలు. టాయిలెట్‌కు మాత్రం బహువచనం: 'ఊ సోఁ లె త్వాలెత్?'

అడగడం తేలికే, జవాబు అందుకోవడమే కష్టం. 'ఆ గోష్' అంటే ఎడమకు, 'ఆ ద్రవాత్' అంటే కుడికి, 'తూ ద్రవా' అంటే తిన్నగా. కొత్తవాళ్లు దారి తప్పేది చివరి రెండింటి దగ్గరే. చివర 'త్' వినబడితే కుడికి తిరగండి, లేకపోతే తిన్నగా నడవండి. 'ఓ ఫోఁ ద్యూ కులవార్' అంటే వరండా చివర.

అంతస్తుల లెక్క మనలాంటిదే. గ్రౌండ్ ఫ్లోర్ 'రె ద షోసే'. లిఫ్టులో దాని బటన్ మీద 'ఆర్‌సీ' అనో 0 అనో ఉంటుంది. దాని పైది 'ప్రెమియే', ఆపైది 'దజియెమ్'. సెల్లార్ 'సూ సోల్'.

తలుపు మీద 'పూసే' అని రాసి ఉంటే తొయ్యండి, 'తిరే' అని ఉంటే లాగండి. చాలా అపార్ట్‌మెంట్లలో లోపలినుంచి బయటికి రావాలంటే గోడకున్న 'పోర్త్' బటన్ నొక్కాలి.

రోజూ ఈ మాటలను పైకి పలుకుతూ సాధన చేయండి. ఉచ్చారణలో తడబడినా సంకోచించకండి, ధైర్యంగా అడగండి.