ఒకే డిష్, రెండు గదులు: స్ప్లిటర్ ఎందుకు చాలదు?

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే వైపున్న పేట సోనారి. ఉక్కు కర్మాగారం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. హాల్లో మనవడికి హిందీ వ్యాఖ్యానంతో క్రికెట్ కావాలి. లోపలి గదిలో నాయనమ్మకు తెలుగు వార్తలు కావాలి. డాబా మీద డిష్ మాత్రం ఒక్కటే. కేబుల్‌కు చిన్న స్ప్లిటర్ తగిలించి రెండో సెట్‌టాప్ బాక్సు పెట్టారు. మనవడు చానల్ మార్చగానే నాయనమ్మ టీవీలో బొమ్మ పోయింది. స్ప్లిటర్ పాడైందా? కాదు.

డిష్ దగ్గర జరిగేది

మన డీటీహెచ్ ఉపగ్రహాల్లో ఒకటైన జీశాట్-24ను 2022 జూన్‌లో ప్రయోగించారు. అది భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. సోనారి నుంచి చూస్తే దక్షిణానికి కాస్త పడమరగా, సుమారు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాల పౌనఃపున్యం 11 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. మామూలు కేబుల్‌లో అవి ఎంతో దూరం పోలేవు. అందుకే డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బీ ఆ పౌనఃపున్యాన్ని తగ్గిస్తుంది. ఉదాహరణకు 11,000 మెగాహెర్ట్జ్ నుంచి 9,750 తీసేస్తే మిగిలేది 1,250. కేబుల్‌లో దిగేది ఈ 1,250 మెగాహెర్ట్జ్ సంకేతం.

కేబుల్‌లో పైకి వెళ్లే ఆజ్ఞ

తరంగాలు నిలువుగానూ అడ్డంగానూ కంపించగలవు. దీన్నే ధ్రువణం అంటారు. రెండు ధ్రువణాలనూ వాడితే అదే పౌనఃపున్యంలో రెట్టింపు చానళ్లు పంపవచ్చు. అయితే మామూలు ఎల్‌ఎన్‌బీ ఒకసారికి ఒక ధ్రువణాన్నే ఇస్తుంది. ఏది కావాలో సెట్‌టాప్ బాక్సే అదే కేబుల్ ద్వారా చెబుతుంది: 13 వోల్టులు పంపితే నిలువు, 18 వోల్టులు పంపితే అడ్డం.

తగాదా ఇక్కడే మొదలవుతుంది. నాయనమ్మ బాక్సు 13 అడుగుతుంటే మనవడి బాక్సు 18 పంపింది. సాధారణంగా ఎక్కువ వోల్టేజీదే పైచేయి. ఎల్‌ఎన్‌బీ అటు మారిపోయింది, తెలుగు చానల్ పోయింది.

కేబుల్ టీవీలో ఈ ఇబ్బంది లేదు. అక్కడ అన్ని చానళ్లూ ఒకేసారి తీగలో వస్తాయి కాబట్టి స్ప్లిటర్ సరిపోతుంది. శక్తి మాత్రం పంచుకోవాలి. రెండుగా చీలిస్తే సగం, అంటే 3 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఆచరణలో ఇంకొంచెం ఎక్కువే పోతుంది. వాడని రంధ్రానికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ బిగించాలి, లేకపోతే సంకేతం వెనక్కి ప్రతిఫలిస్తుంది.

ఏం చేయాలి?

రెండు గదుల్లోనూ ఒకే చానల్ చాలనుకుంటే ఒక బాక్సు, ఒక హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ సరిపోతాయి. వేర్వేరు చానళ్లు కావాలంటే రెండు బాక్సులు, రెండు స్వతంత్ర మార్గాలున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ, ఒక్కో బాక్సుకు విడి కేబుల్ ఉండాలి. నాలుగు గదులకు క్వాడ్ ఎల్‌ఎన్‌బీ, అపార్ట్‌మెంట్లకు మల్టీస్విచ్ వాడతారు. డిష్ మాత్రం ఒక్కటే చాలు.

ఇక రిమోట్ సంగతి. అది పంపేది పరారుణ కాంతి, గోడ దాటదు. బాక్సు హాల్లో, టీవీ లోపలి గదిలో ఉంటే పరారుణ సంకేతాన్ని తీగ ద్వారానో రేడియో ద్వారానో చేరవేసే ఎక్స్‌టెండర్ కావాలి. రిమోట్ పనిచేస్తోందో లేదో చూడాలంటే ఫోన్ ముందు కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కండి. చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క మెరుస్తుంది.

కాబట్టి టెక్నీషియన్ వచ్చినప్పుడు స్ప్లిటర్ ధర అడిగే ముందు ఒక ప్రశ్న వేయండి: "మా ఎల్‌ఎన్‌బీకి ఎన్ని అవుట్‌పుట్‌లు ఉన్నాయి?" నాయనమ్మ వార్తలు ఆగకుండా రావడం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది.