తీర రక్షణము

సికింద్రాబాదు సముద్రమునకు చాల దూరమున నున్న నగరము. అయినను దేశ తీర రక్షణముతో దానికి సంబంధము కలదు. 1970వ సంవత్సరమున స్థాపింపబడిన రక్షణ నిర్వహణ కళాశాల ఈ నగరముననే, సైనికపురి ప్రాంతమున ఉన్నది. భూసైన్యము, నౌకాదళము, వైమానిక దళములకు చెందిన పై అధికారులు ఇందు ఒకే తరగతిలో కూర్చుండి చదువుచుందురు. మూడు దళములవారు కలసి చదువనేల? ఈ ప్రశ్నకు సమాధానము సముద్రపుటొడ్డున లభించును.

తీరమనగా నేలయు నీరును కలియు చోటు. నీటిపై పోరు నౌకాదళమునకును, నేలపై పోరు భూసైన్యమునకును అలవాటు. ఓడ దిగి, అలలను దాటి, ఒడ్డున నిలిచి పోరాడుటకు వేరొక శిక్షణము కావలెను. ఇందులకై కొన్ని దేశములు ప్రత్యేక దళమును పోషించుచున్నవి. అమెరికా దేశపు మెరైను దళము 1775లో ఏర్పడినది. భారతదేశమున అంతటి ప్రత్యేక దళము లేదు. భూసైన్యములోని కొన్ని పటాలములు నౌకాదళముతో కలసి ఈ విద్యను అభ్యసించును. 1987లో నౌకాదళమున మార్కోస్ అను చిన్న కమాండో దళము ఏర్పడినది. దాని స్థావరమైన ఐ.ఎన్.ఎస్. కర్ణ 2016లో విశాఖపట్టణము చెంత ప్రారంభింపబడెను.

తెలుగు తీరము యుద్ధము నెరుగును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి, ఘాజీ యను పాకిస్తాను జలాంతర్గామి విశాఖ రేవు చెంత మునిగిపోయెను. నీటిపై తేలుచున్న దాని శకలములను నౌకాదళమునకు తెచ్చియిచ్చినవారు ఆ తీరపు జాలరులు. ఆయుధము పట్టని వారును తీరమునకు కావలివారే యని దీనివలన తెలియుచున్నది.

కావలి ఏమరిన ఫలితము ఘోరముగా నుండును. 2008 నవంబరు 26వ తేదీన పదిమంది ముష్కరులు సముద్రముపై వచ్చి ముంబయి నగరమున దిగిరి. దారిలో వారు మన చేపల పడవ నొకదానిని చేజిక్కించుకొనిరి. ఆ దాడిలో 166 మంది అసువులు బాసిరి. దేశమునకు ఓడలు లేకపోలేదు, పోలీసులు లేకపోలేదు. ఒకరికి తెలిసినది మరియొకరికి సకాలమున అందలేదు. అందుచేత 2009లో తీర భద్రత బాధ్యత నంతను నౌకాదళమున కప్పగించిరి. కోస్టుగార్డు, తీర పోలీసులు దానితో కలసి పనిచేయునట్లు కట్టుదిట్టములు చేసిరి. సముద్రముపై చరించు జాలరులకు గుర్తింపు కార్డులు ఇచ్చిరి.

ఒడ్డున దిగు విద్య యుద్ధమునకు మాత్రమే గాక ఆపన్నులను ఆదుకొనుటకును ఉపకరించును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది. అట్టివేళ రోడ్లు తెగిపోవును. సాయము సముద్రమునుండియే రావలసి వచ్చును. 2019 నవంబరులో భారత త్రివిధ దళములును, అమెరికా నౌకాదళము, మెరైనులును విశాఖపట్టణము, కాకినాడలలో కలసి అభ్యాసము చేసిరి. విపత్తున చిక్కిన ప్రజలకు సాయము చేర్చుటయే ఆ అభ్యాసమునకు లక్ష్యము.

తీరమును ఒక్క దళము కాపాడజాలదు. నావికుడు, సైనికుడు, వైమానికుడు, పోలీసు, జాలరి ఒకరి మాట నొకరు వినినప్పుడే ఒడ్డునగల పల్లెలు నిశ్చింతగా నిదురించును.