ఉన్న చూపే ఆసరా

పాఠ్యాంశ ఉద్దేశం

పూర్తి చూపుకూ, పూర్తి అంధత్వానికీ నడుమ అల్పదృష్టి అనే స్థితి ఒకటి ఉంది. ఆ స్థితిలో ఉన్నవారు దృష్టి పునరావాసం నుంచి ఏమి కోరుతున్నారో తెలియజేయడం, ఒకరి అవసరాన్ని మనమే నిర్ణయించక వారినే అడిగి తెలుసుకోవాలన్న వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతం భీష్మపర్వంలో ఒక సన్నివేశం ఉంది. కురుక్షేత్ర సంగ్రామం మొదలు కాబోతున్నది. వ్యాసమహర్షి ధృతరాష్ట్రుని వద్దకు వచ్చి, యుద్ధాన్ని చూడదలిస్తే చూపు ప్రసాదిస్తానన్నాడు. జన్మాంధుడైన ఆ రాజు వరాన్ని వద్దన్నాడు. జ్ఞాతులు ఒకరినొకరు చంపుకోవడం చూడలేననీ, జరిగినది జరిగినట్లు వినగలిగితే చాలుననీ విన్నవించాడు. అప్పుడు వ్యాసుడు సంజయునికి దివ్యదృష్టిని అనుగ్రహించాడు. ఈ ఘట్టంలో మనం తరచు గమనించని విశేషం ఒకటుంది. వరమివ్వగల సమర్థుడు కూడా ముందుగా అడిగాడు, కోరినదానినే ఇచ్చాడు. చూపు లేనివానికి చూపే కావాలని తానై నిశ్చయించలేదు. దృష్టి పునరావాసానికి కూడా ఇదే మొదటి పాఠం.

అల్పదృష్టి అంటే ఏమిటి? కళ్లద్దాలు పెట్టినా, మందులు వాడినా, శస్త్రచికిత్స చేసినా సరిచేయడానికి వీలుకాని దృష్టిలోపం అది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, తగిన అద్దాలు పెట్టుకున్న తరువాత కూడా రెండింటిలో మెరుగైన కంటి చూపు 6/18కి మించక, 3/60 వరకు ఉన్నవారు ఈ కోవకు చెందుతారు. 6/18 అంటే మామూలు చూపు ఉన్నవారు 18 మీటర్ల దూరం నుంచి గుర్తించగల అక్షరాన్ని వీరు 6 మీటర్ల దగ్గరకు వస్తేనే గుర్తించగలరని అర్థం. చూపు విస్తృతి 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల వరకు కుంచించుకుపోయినవారిని కూడా చట్టం ఇందులో చేర్చింది.

ఈ లోపం అందరిలో ఒకే విధంగా ఉండదు. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవారికి ఎదుటివారి ముఖమే మసకబారుతుంది. పక్కనున్న గోడ, తలుపు మాత్రం కనిపిస్తాయి. నీటికాసుల వ్యాధి ముదిరినవారికి, రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా సోకినవారికి పక్కచూపు క్రమంగా నశిస్తుంది. గొట్టంలోంచి చూస్తున్నట్లు ఎదురుగా ఉన్న కొద్దిభాగమే కనిపిస్తుంది. అటువంటివారు వార్తాపత్రికలోని చిన్న అక్షరాలు చదవగలిగి కూడా గుమ్మంలోని బిందెను తన్నుకొని పడిపోవచ్చు.

లోకం ఇక్కడే పొరబడుతుంది. పుస్తకం చదివినవాడు బిందెను చూడలేదంటే నటన అంటుంది. బిందెను తప్పుకొని నడిచినవాడు నల్లబల్ల మీది అక్షరం కనబడలేదంటే సోమరితనం అంటుంది. ఎదురుపడినా పలకరించకపోతే గర్వమంటుంది. చూపు బొత్తిగా లేనివారి కష్టం లోకానికి కొంతైనా తెలుసు. సగం చూపు ఉన్నవారు మాత్రం తమ కష్టాన్ని నిత్యం రుజువు చేసుకోవలసి వస్తున్నది. కాబట్టి వారి కోరికలలో ఒకటి ఏ పరికరమూ తీర్చలేనిది: తాము చెప్పేది నమ్మాలని.

చికిత్స ముగిసిన తరువాత ‘ఇక చేయగలిగినది లేదు’ అన్న మాట విని ఇంటికి చేరే రోగి మనస్సులో సహజంగా మెదిలే కోరిక, చూపు తిరిగి రావాలన్నదే. దానిని పునరావాసం తీర్చలేదు. ఆ నిజాన్ని దాచకుండా, నొప్పించకుండా చెప్పడం నిపుణుని ధర్మం. ఆ తరువాత అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ‘ఇప్పుడున్న చూపుతో మీరు ఏ పని చేసుకోవాలనుకుంటున్నారు?’ సమాధానాలు మనిషికొక తీరుగా వస్తాయి. రైతుకు పట్టాదారు పాసుపుస్తకంలోని సర్వే నెంబరు చదవాలని ఉంటుంది. గృహిణికి బియ్యంలో రాళ్లు ఏరుకోవాలని, వృద్ధునికి మందుసీసా మీది పేరు పోల్చుకోవాలని, నాయనమ్మకు మనుమరాలి ముఖం చూడాలని ఉంటుంది. వీటిలో ఏదీ చిన్న కోరిక కాదు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పేరుతో 2003లో వెలువడిన ఒక ప్రశ్నావళి ఈ దృక్పథానికి మంచి నిదర్శనం. దృష్టిలోపం ఉన్న బడిపిల్లల కోసం రూపొందించిన ఆ ప్రశ్నావళి గోడమీది అక్షరాల పట్టికతో ఆగిపోలేదు. బస్సు నెంబరు చదవగలవా, ముందు బల్లలో కూర్చొని నల్లబల్ల మీద ఉన్నది రాసుకోగలవా, రూపాయి, రెండు రూపాయల నాణేలను తాకకుండా పోల్చుకోగలవా, సూదిలో దారం ఎక్కించగలవా, పళ్లెంలోని అన్నం ఎక్కడుందో కనిపిస్తున్నదా అనే ధోరణిలో ప్రశ్నలు సాగుతాయి. కంటికి ఎంత కనిపిస్తున్నదన్న కొలతతో పాటు, ఆ చూపుతో బిడ్డ జీవితం ఎంతవరకు నడుస్తున్నదన్న విచారణ అది. మన పిల్లల నిత్యజీవితం నుంచి పుట్టిన ప్రశ్నలు కనుకనే వాటికి విలువ.

కోరిక స్పష్టమైతేనే సహాయోపకరణం కుదురుతుంది. పుస్తకానికి భూతద్దం కావాలి. నల్లబల్లకు చిన్న దూరదర్శిని కావాలి. ఒకదాని పని మరొకటి చేయదు. 20 డయాప్టర్ల శక్తి గల కటకం కంటికి పెట్టుకుంటే పుస్తకాన్ని సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. అక్షరం పెద్దదవుతుంది కాని ఒకేసారి కనిపించే అక్షరాల సంఖ్య తగ్గుతుంది. చదివే వేగం మందగిస్తుంది. గొట్టపుచూపు ఉన్నవారికి అక్షరాన్ని మరీ పెద్దది చేస్తే ఆ ఇరుకు కిటికీలో పట్టనే పట్టదు. వారికి మంచి వెలుతురు, నడకలో శిక్షణ, తెల్లచేతికర్ర మేలు చేస్తాయి. ఎవరికి ఏ పని ముఖ్యమో అడగకుండా ఇచ్చిన భూతద్దం బీరువాలో చేరడంలో ఆశ్చర్యం లేదు.

కొన్ని ఉపాయాలకు ఖర్చే ఉండదు. పుస్తకాన్ని 40 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్లకు తెస్తే అక్షరం కంటికి నాలుగింతలవుతుంది. దగ్గరగా పెట్టుకొని చదివితే మిగిలిన చూపు కూడా పోతుందన్నది అపోహ. నల్లని అట్టలో ఒక పంక్తి కనిపించేటంత చీలిక కోసి పేజీ మీద ఉంచితే చూపు పంక్తి తప్పదు. పెరుగన్నాన్ని తెల్లని పళ్లెంలో కాక ముదురురంగు పళ్లెంలో వడ్డిస్తే మెతుకు కనిపిస్తుంది. మెట్ల అంచున పసుపుపచ్చ గీత గీస్తే కాలు తడబడదు. నేడు సెల్‌ఫోను అక్షరాలను పెద్దవి చేస్తుంది, చదివి వినిపిస్తుంది. నోటు విలువను పలికే ‘మణి’ అనే యాప్‌ను భారతీయ రిజర్వు బ్యాంకు 2020లో విడుదల చేసింది.

అయినా ఉపకరణం చేతికి రాగానే పునరావాసం పూర్తి కాదు. తెల్లచేతికర్ర పట్టుకుంటే నలుగురూ గుడ్డివాడంటారేమోనని దానిని సంచిలో దాచుకొని నడిచేవారున్నారు. పెళ్లిసంబంధాలు తప్పిపోతాయేమోనని కూతురి దృష్టిలోపాన్ని దాచే తల్లిదండ్రులున్నారు. చూపుతో పాటు ధైర్యమూ సన్నగిల్లినవారికి ఓదార్చే మాట, సాటివారి సాంగత్యం కటకం కన్నా ముందు కావలసి రావచ్చు. మరోవైపు అతిప్రేమ కూడా అడ్డంకే. ప్రతి పనీ ఇంటివారే చేసిపెడితే మిగిలిన చూపు వాడుకలోకి రాదు. వారు కోరేది స్వావలంబన. అంటే ఎవరి సహాయమూ లేకుండా బతకడమని కాదు, ఏ పనికి ఎంత సహాయం కావాలో తామే నిర్ణయించుకోవడం.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడిక, పునరావాసం వ్యక్తి అవసరాలను మాత్రమే కాక శక్తిసామర్థ్యాలను కూడా అంచనా వేసి ప్రారంభం కావాలని పేర్కొన్నది. మన దేశం దానిని 2007లో ధ్రువీకరించింది. 2016 చట్టం దృష్టిలోపం గల విద్యార్థులకు పరీక్షలలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వసతులను పేర్కొన్నది. అయితే ఇక్కడ కూడా అడగడం అత్యవసరం. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, మంచి దీపం ఉంటే తన చేతితోనే రాయగల విద్యార్థికి సహాయకుడిని అంటగడితే అది ఉపకారం అనిపించుకోదు.

మీ తరగతిలో నోటుపుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివే సహాధ్యాయి ఉండవచ్చు. నవ్వకండి, జాలిపడి అతని పుస్తకం లాక్కొని చదివి వినిపించకండి. పక్కన కూర్చొని, ‘నీకేం కావాలి?’ అని అడగండి. కిటికీ పక్కన చోటు చాలునంటాడేమో, బోర్డు మీద రాసినది పైకి చదవమంటాడేమో, ఏమీ అక్కరలేదంటాడేమో. ఏది చెప్పినా వినండి.

అర్థాలు

జ్ఞాతులు = దాయాదులు
విస్తృతి = వ్యాప్తి, పరిధి
కటకం = గాజుబిళ్ల, లెన్సు
అపోహ = తప్పుడు అభిప్రాయం
స్వావలంబన = తనపై తాను ఆధారపడటం
సాంగత్యం = స్నేహం, తోడు

ప్రశ్నలు

అ) పదిహేను పంక్తులలో సమాధానం రాయండి.
1. అల్పదృష్టి కలవారు పునరావాసం నుంచి కోరేవి ఏమిటో వివరించండి.

ఆ) ఐదారు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. వ్యాస ధృతరాష్ట్రుల సన్నివేశం ఈ పాఠానికి ఏ విధంగా అన్వయిస్తుంది?
2. ఒకే ఉపకరణం అందరికీ ఎందుకు సరిపోదు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 6/18 చూపు అంటే ఏమిటి?
2. ‘మణి’ యాప్ ఉపయోగం ఏమిటి?

ఈ) విడదీసి, సంధి పేరు తెలపండి.
అత్యవసరం, సహాయోపకరణం, స్వావలంబన