సేవకు డిగ్రీ ఎందుకు?

ప్రశ్న: బీకాం పూర్తయింది. ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేయాలనుంది. ‘సేవ చేయడానికి చదువెందుకు?’ అంటున్నారు ఇంట్లోవాళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: మంచి మనసుంటే చాలనుకుంటే, 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ పాఠశాల పుట్టేదే కాదు. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) అదే. సాధారణంగా ఏ డిగ్రీ చదివినవారైనా ఎంఎస్‌డబ్ల్యూలో చేరవచ్చు, బీకాం అడ్డుకాదు. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కళాశాల, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ కోర్సుకు పేరున్నవి.

ఈ చదువుకు ప్రాణం ఫీల్డ్‌వర్క్. చాలాచోట్ల వారానికి రెండు రోజులు ఆసుపత్రిలోనో, బస్తీలోనో, బాలల సంరక్షణ గృహంలోనో పనిచేయాలి. తాగుడుకు బానిసైన భర్త గురించి చెప్పుకుంటూ ఏడ్చే ఇల్లాలికి గబుక్కున సలహా ఇవ్వడం కాదు, ముందు ఆమె చెప్పేది పూర్తిగా వినడం అక్కడ నేర్పుతారు. కలిసిన ప్రతి మనిషి గురించీ నివేదిక రాయాలి, గురువుతో చర్చించాలి. విసుగు పుట్టించినా, మనిషిని తీర్చిదిద్దేది ఈ పనే.

అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాలు కాదు, ఫీల్డ్‌వర్క్‌ను ఎవరు, ఎలా పర్యవేక్షిస్తారో అడగాలి.

కొన్ని ఉద్యోగాలకు చట్టమే అర్హత నిర్ణయించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే సోషల్ వర్క్ పీజీతోపాటు రెండేళ్ల ఎంఫిల్ కావాలి. అవయవ మార్పిడి కోఆర్డినేటర్ల నియామకంలోనూ ఈ పీజీకి ప్రాధాన్యముంది. స్వచ్ఛంద సంస్థల్లో తొలి జీతాలు మాత్రం తక్కువే. ఆ మాట ఇంట్లో ముందే చెప్పడం మంచిది.