పైకప్పు కింద టెన్నిస్: రాటర్‌డ్యామ్ టోర్నీ, ఆర్థర్ ఆష్

సంచికకు పనికొచ్చే వ్యాసం రాయమని వార్డెన్ సారు అడిగారు. కబడ్డీ, వాలీబాల్ గురించి మీకు మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. పి.జి.లో చేరేదాకా మేము దగ్గర నుంచి చూడని ఆట టెన్నిస్. చేరిన కొత్తలో కోర్టు కంచె పక్కన నిలబడి చూస్తుంటే, బంతులు ఏరడానికి కొత్తగా పెట్టుకున్నారా అని ఒకాయన మమ్మల్ని అడిగారు. మర్నాడే లైబ్రరీలో ఈ ఆట గురించి చదవడం మొదలుపెట్టాం.

నెదర్లాండ్స్‌లో రాటర్‌డ్యామ్ ఓడరేవు నగరం. చలికాలంలో అక్కడ ఆరుబయట ఆడలేరు కాబట్టి అహోయ్ అనే పెద్ద హాలులో పురుషుల టోర్నీ జరుపుతారు. 1972లో మొదలైంది. సింగిల్స్‌లో 32 మంది ఆడతారు, ఓడినవాడు ఇంటికే. ఐదు మ్యాచ్‌లు గెలిచినవాడికి కప్పుతో పాటు 500 ర్యాంకింగ్ పాయింట్లు. మొత్తం మ్యాచ్‌లెన్ని? పట్టిక గీయనక్కర్లేదు. ఒక్కో మ్యాచ్‌కు ఒకరు ఇంటికి పోతారు, 31 మంది పోవాలి, కనుక 31. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఈ కిటుకు గుర్తుంచుకోండి.

2000 నుంచి ఇక్కడ హార్డ్ కోర్టు, అంతకుముందు కార్పెట్. హార్డ్ కోర్టు అంటే గట్టి నేల మీద ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగు పూతలు. ఇసుక గరుకు ఎక్కువైతే బంతి నెమ్మదిస్తుంది, తగ్గితే జారినట్టు దూసుకుపోతుంది. హాలులో గాలి లేదు, కళ్ళలో ఎండ పడదు. సర్వ్ కోసం ఎగరేసిన బంతి ఎగరేసిన చోటే ఉంటుంది. అందుకే బలంగా సర్వ్ చేసేవాడికి ఇది అనుకూలం.

1984 ఫైనల్లో లెండిల్, కానర్స్ ఆడుతుండగా బాంబు బెదిరింపు ఫోన్ వచ్చి ఆట ఆగిపోయింది. ఆ ఏడు విజేతే లేడు. 2018లో ఫెదరర్ 36 ఏళ్ళ వయసులో ఇక్కడే మళ్ళీ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఇవన్నీ క్విజ్‌కు పనికొస్తాయి.

మేము అసలు రాయాలనుకున్నది మొదటి విజేత గురించి. ఆర్థర్ ఆష్, 1943లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో పుట్టిన నల్లజాతి ఆటగాడు. తండ్రి నల్లవారికి కేటాయించిన ఒక పార్కును చూసుకునే ఉద్యోగి. ఇల్లు ఆ పార్కులోనే, పక్కనే టెన్నిస్ కోర్టులు. ఆరేళ్ళకే తల్లి పోయింది. ఆటలో ఎంత పైకొచ్చినా, చలికాలం వస్తే రాకెట్ మూలన పెట్టాల్సిందే. ఆ ఊళ్ళో ఇండోర్ కోర్టులు ఉన్నాయి, నల్లవారికి ప్రవేశం లేదు.

1960లో, 17 ఏళ్ళప్పుడు, ఇల్లు వదిలి సెయింట్ లూయిస్ వెళ్ళి రిచర్డ్ హడ్లిన్ అనే ఉపాధ్యాయుడి ఇంట్లో ఉండి చదువుకున్నాడు. పరాయి ఇంట్లో మొదటి రాత్రి ఎలా ఉంటుందో మన హాస్టల్ వాళ్ళకు వేరే చెప్పాలా! అక్కడి ఆర్మరీ భవనంలో చెక్క నేల మీద చలికాలమంతా ఆడాడు. చెక్క మీద బంతి మెరుపులా వస్తుంది. ఆగి ఆలోచిస్తే అంతే సంగతులు. సర్వ్ చేసి నెట్ దగ్గరికి దూసుకెళ్ళే ఆట అక్కడ పదునెక్కింది. తర్వాత స్కాలర్‌షిప్‌తో లాస్ ఏంజెలెస్‌లో చదివి 1966లో డిగ్రీ పొందాడు. 1968లో టామ్ ఒకర్‌ను ఓడించి యు.ఎస్. ఓపెన్ గెలిచాడు.

1972లో రాటర్‌డ్యామ్ ఫైనల్లోనూ ఎదుట ఆ ఒకరే. డచ్చివాడు, ప్రేక్షకులంతా అతని వైపే ఉండి ఉంటారు. ఆష్ గెలిచాడు. 1975, 1976లలో మళ్ళీ గెలిచాడు. ఇండోర్ కోర్టు గడప తొక్కనివ్వని ఊరి కుర్రవాడు మూడుసార్లు ఇండోర్ కప్పు ఎత్తాడు. 1975లోనే వింబుల్డన్ కూడా గెలిచాడు.

వచ్చే సెలవుల్లో హాస్టల్‌కు వస్తాం. టెన్నిస్‌కు 78 అడుగుల పొడవు కావాలి, మన వాలీబాల్ కోర్టు చాలదు. అయినా నెట్ మూడడుగులకు దించి, సున్నంతో గీతలు గీసుకుందాం. పాత రాకెట్లు రెండు సంపాదించాం. బంతులు మీరు చూడండి. ఏరడం మాత్రం వంతులవారీగా.