సమదుఃఖుల చెలిమి

పాఠ్యోద్దేశం

కష్టకాలంలో మనిషికి ధనబలం, వైద్యబలం ఎంత అవసరమో తోడు కూడా అంతే అవసరం. ఒకే వ్యాధిని అనుభవించినవారు ఒకరికొకరు ఎలా ఆసరా కాగలరో విశాఖపట్నం పాతనగర జీవితం ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రామాయణంలో ఋష్యమూక పర్వతం మీద ఇద్దరు దుఃఖితులు కలుసుకొన్నారు. ఒకరు సీతకు దూరమైన శ్రీరాముడు. మరొకరు రాజ్యాన్నీ, భార్య రుమనూ కోల్పోయి, అన్నకు వెరచి తలదాచుకొన్న సుగ్రీవుడు. హనుమంతుడు వారిని కలిపాడు. అగ్నిసాక్షిగా వారు మిత్రులయ్యారు. సీతాదేవి నగలను చూసి రాముడు విలపించినప్పుడు, తనకూ భార్యావియోగం కలిగిందనీ, అయినా తాను ధైర్యం విడువలేదనీ చెప్పి సుగ్రీవుడు ఓదార్చాడు. రాముడికి ధర్మం బోధించగల జ్ఞానులు ఎందరో ఉన్నారు. కాని ఆ మాటను ఆ చనువుతో చెప్పగల అర్హత సుగ్రీవుడికే ఉంది. ఆ బాధ అతడు స్వయంగా పడినవాడు. సమదుఃఖుల చెలిమికి గల బలం అదే.

ఈ బలం పురాణకథలకే పరిమితం కాదు. క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధితో జీవించేవారికి అది నేటికీ అత్యవసరం. అందుకు విశాఖపట్నంలోని వన్ టౌన్ ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకొందాం.

వన్ టౌన్ ఆ నగరానికి పుట్టినిల్లు. కోటవీధి, కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు అక్కడివే. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండల మీద వేంకటేశ్వరస్వామి ఆలయం, మేరీమాత చర్చి, ఇసాక్ మదీనా దర్గా కనిపిస్తాయి. సమీపంలోని చేపలరేవు నుండి తట్టలు నెత్తిన పెట్టుకొని మత్స్యకార స్త్రీలు వీధులలోకి వస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో ఈ స్త్రీలలో కొందరికి ‘అడ్డపొగ’ అనే అలవాటు ఉంది. అనగా చుట్ట నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చడం. గాలికి నిప్పు ఆరదనీ, పనిచేసే చేతులకు అడ్డురాదనీ దీనికి కారణాలు చెబుతారు. నిప్పు వేడిమి, పొగ నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని 1960, 1970 దశకాలలో ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు పరిశోధనలలో వివరించారు.

ఈ అలవాటు ఎవరూ బడిలో నేర్చుకోరు. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు, పనిచోట నేస్తురాలి దగ్గర నేస్తురాలు నేర్చుకొంటారు. చుట్టను నేర్పినది చెలిమే. మరి వ్యాధి వచ్చిన నాడు ఆ చెలిమి ఏమవుతుంది?

చాలాచోట్ల అది దూరమవుతుంది. అంటుకొంటుందేమోనన్న భయంతో కంచం, గ్లాసు వేరు చేస్తారు. “చుట్ట తాగావు కనుక అనుభవించు” అని దెప్పుతారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. అయినా ఆ చూపులకు వెరచి రోగి వ్యాధిని దాస్తుంది. దాచిన కొద్దీ వ్యాధి ముదురుతుంది. శస్త్రచికిత్సలో అంగిలిలో కొంత భాగం తొలగించవలసి వస్తే మాట ముక్కుతో పలుకుతుంది. తాగిన నీరు ముక్కులోకి వస్తుంది. ఆ లోపాన్ని పూడ్చడానికి వైద్యులు ఒక పలకను అమర్చుతారు. వీధి వీధినా కేకవేసి చేపలు అమ్ముకొనే మనిషికి గొంతు మారడమంటే బతుకుతెరువు మారడమే.

ఒక సన్నివేశాన్ని ఊహించండి. వన్ టౌన్‌కు చేరువలో, 1923లో ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి. రేడియేషన్ కోసం వచ్చిన ఇద్దరు స్త్రీలు ఒకే బల్ల మీద కూర్చున్నారు. పెద్దామె చికిత్స ముగిసి పరీక్షకు వచ్చింది. చిన్నామెకు చికిత్స సగంలో ఉంది.

“నోరు మండిపోతంది అప్పా. నీళ్లు కూడా దిగడం లేదు. రేపట్నుంచి నేను రాను.”

“నేనూ అలాగే అనీసినాను పిల్లా. గంజి చల్లార్చి గుక్క గుక్కగా తాగు. కారం ముట్టకు. నొప్పి సంగతి డాక్టరు గారికి చెప్పు, దాచకు. రేపు నీకోసం ఈ బల్ల కాడే కూకుంటాను.”

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు సాగుతుంది. నడుమ నోరు పూస్తుంది, రుచి పోతుంది. అప్పుడే మానివేయాలనిపిస్తుంది. మానితే చికిత్స ఫలం తగ్గుతుంది. కనుక “రేపు నీకోసం కూకుంటాను” అన్న మాట ఓదార్పుతో ఆగదు; చికిత్సను పూర్తి చేయించే ఆసరా కూడా అవుతుంది. పెద్దామెకూ లాభం ఉంది. ఇంతకాలం తనను కుంగదీసిన అనుభవం మరొకరికి దారిదీపం అయింది.

ఇతర ప్రాంతాలలోనూ ఈ సత్యాన్ని గుర్తించారు. 1952లో రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స పొందిన టెరీస్ లాసర్, న్యూయార్క్‌లో తనవంటి స్త్రీలను పరామర్శించడం ఆరంభించింది. 1969లో ఆ కార్యక్రమాన్ని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ స్వీకరించింది. ముంబయిలో క్యాన్సర్‌ను జయించిన వందనా గుప్తా 1994లో ‘వి కేర్’ సంస్థను స్థాపించింది. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ పథకం పేదల చికిత్స ఖర్చు భారాన్ని తగ్గించింది. విశాఖపట్నం శివారు అగనంపూడిలో 2014లో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి సేవలు మొదలయ్యాయి. ఆసుపత్రిని ప్రభుత్వం కట్టగలదు. బల్ల మీద పక్కన కూర్చొనే మనిషి మాత్రం మనలో నుండే రావాలి.

ఈ చెలిమికి హద్దులూ ఉన్నాయి. ఒకరికి పడిన మందు మరొకరికి పడకపోవచ్చు. మందు చెప్పవలసినది వైద్యుడు. తోడు నడవవలసినది మిత్రుడు. ఒక్కొక్కసారి ఆ మిత్రుడే ముందుగా దూరం కావచ్చు. ఆ దుఃఖాన్ని కప్పిపుచ్చి చెలిమిని పొగడడం న్యాయం కాదు. అయినా వెళ్లినవారు ఒంటరిగా వెళ్లలేదన్న తృప్తి మిగిలినవారికి దక్కుతుంది.

విద్యార్థులారా! మీ ఇంట, మీ వీధిలో ఎవరికైనా నోటిలో తెల్లమచ్చ గాని, 2 వారాలైనా మానని పుండు గాని ఉంటే వైద్యుని వద్దకు వెళ్లమని చెప్పండి. చెప్పి ఊరుకోక వెంట వెళ్లండి. వారి కంచంలో తినడానికి వెనుకాడకండి. “ఎందుకు వచ్చింది?” అని అడగడం మాని, “రేపు ఎన్ని గంటలకు వెళ్లాలి?” అని అడగండి.

శబ్దార్థాలు

సమదుఃఖులు : ఒకే విధమైన దుఃఖం గలవారు
వియోగం : ఎడబాటు
అంగిలి : నోటి పైభాగం
వెరచి : భయపడి
బతుకుతెరువు : జీవనోపాధి

ప్రశ్నలు

1. సుగ్రీవుని ఓదార్పులోని విశేషం ఏమిటి?
2. ‘అడ్డపొగ’ అనగానేమి? దానివల్ల కలిగే హాని ఏమిటి?
3. “రేపు నీకోసం కూకుంటాను” అన్న మాట చికిత్సకు ఎలా తోడ్పడుతుంది?
4. సమదుఃఖుల చెలిమికి గల హద్దులను వివరించండి.